విప్పిన కుట్లు

పొద్దున పది దాటినా గదిలో లైటు వేసుకోక తప్పలేదు. మూడు రోజులుగా ఒకటే ముసురు. ఇంటి కింది భాగంలో, ఒకప్పుడు కారు పెట్టుకోవడానికని కట్టిన గదిలో, దారాలక్క నేలమీద చాప పరిచి, కంప్యూటరు డబ్బాని పక్కకి పడుకోబెట్టి, దాని మూత విప్పుతోంది. బయట చూరు నీళ్ళు బకెట్లో పడుతున్న చప్పుడు తప్ప ఇంకేమీ లేదు.

దారాలక్క అన్నది వీధివాళ్ళు పెట్టిన పేరు. గోడ పొడుగునా మేకులకి రంగురంగుల దారపు కండెలు గుచ్చి ఉంటాయి గనక అలా స్థిరపడిపోయింది. ఆమె చేసేది కంప్యూటర్ ఎంబ్రాయిడరీ. కంప్యూటరులో డిజైను తయారుచేసి కేబులు గుండా పంపిస్తే, గది మధ్యలో ఉన్న మెషీను ఫ్రేములో బిగించిన గుడ్డని అటూ ఇటూ జరుపుకుంటూ నిమిషానికి ఎనిమిది వందల కుట్లు వేసేస్తుంది. మనిషి చేయాల్సిందల్లా గుడ్డ బిగించడం, దారం తెగితే ఎక్కించడం, సూది దగ్గర వేలు పెట్టకుండా ఉండటం.

ఆ రోజు ఆమెకి ఊపిరి సలపని పని ఉంది. కొత్తగా తెరుస్తున్న ఆసుపత్రి వాళ్ళు అరవై తెల్లకోట్లు ఇచ్చారు. ప్రతి కోటు జేబుమీదా నీలం దారంతో వాళ్ళ గుర్తు, రెండు అరచేతుల మధ్య ఒక ఆకు, కుట్టాలి. మర్నాడు పొద్దున తొమ్మిదికల్లా బండి వస్తుంది. ముప్ఫై అయ్యాయి, గోడవార కడ్డీకి వరసగా వేలాడుతున్నాయి. ఇంకో ముప్ఫై ఉన్నాయి. ఇవి సరిగ్గా ఇస్తే ఆసుపత్రి దుప్పట్లూ తెరలూ అన్నీ తనకే అన్నారు. లారీ మీద రోజుల తరబడి తిరిగే మొగుణ్ణి ఇంటిపట్టున ఉంచుకోవచ్చని ఆమె ఆశ.

సరిగ్గా అప్పుడే కంప్యూటరు మొరాయించింది. డిస్కు నిండిపోయిందిట, డిజైను తెరవడానికి కూడా చోటు లేదుట. ఏదో ఒకటి తీసేద్దామంటే దేన్నీ తీసేయడానికి చెయ్యి రాలేదు. అప్పుడు గుర్తొచ్చింది, అలమరాలో తువ్వాల్లో చుట్టి పెట్టిన మాస్టారి హార్డ్ డిస్కు.

మాస్టారి దగ్గరే ఆమె ఆరేళ్ళు పని నేర్చుకుంది. ఆయన చేతిలో విద్య ఉంది గానీ నోట్లో మంచి మాట లేదు. కుర్చీ వెనకే నుంచుని చూసేవాడు. కుట్టు వెంట్రుకవాసి తప్పినా నాలుకతో "చ్‌చ్" అనేవాడు. తర్వాత ఒకే ఒక్క మాట, "విప్పేయ్." మూడు గంటల పనైనా సరే, విప్పాల్సిందే. అలా విప్పి విప్పి ఆమె వేళ్ళ చివర్లు కాయలు కాశాయి.

పని మానేసి వచ్చేసిన రోజు ఆమె ఒక తప్పు చేసింది. ఆయన రెండు నెలలు కూర్చుని గీసిన ఆకుల తీగ డిజైనుని, ఆయన భోజనానికి వెళ్ళినప్పుడు పెన్‌డ్రైవులోకి ఎక్కించుకుని తెచ్చేసుకుంది. ఆమె దుకాణం నిలబడింది ఆ తీగ మీదే. ఈ సంగతి ఇంట్లో ఎవరికీ తెలీదు. ఆయనకి మాత్రం తెలుసు. వీధిలో ఎదురుపడితే మొహం తిప్పుకునేవాడు. అంతే, ఒక్కమాట అనలేదు. అని ఉంటే బాగుండేదనుకుంది చాలాసార్లు.

నాలుగు నెలల కిందట ఆయన మెషీను ముందు కూర్చున్నవాడు కూర్చున్నట్టే పోయాడు. చూడ్డానికి వెళ్ళడానికి ఆమెకి మొహం చెల్లలేదు. ఈ మధ్యే ధైర్యం చేసి వెళ్తే, మాస్టారి భార్య కాసేపు కూర్చోబెట్టి, లేచి వస్తుంటే ఈ డిస్కు చేతిలో పెట్టింది.

"ఆయన డబ్బాలోంచి తీయించాను. నీకేమన్నా పనికొస్తే తీసుకెళ్ళమ్మా. నాకు మాత్రం ఇంట్లో ఉంచుకోవాలని లేదు."

దారి పొడుగునా దాన్ని గుండెలకి హత్తుకుని తెచ్చుకుంది. ఆయన డిజైన్లన్నీ ఇందులోనే ఉంటాయి! సిగ్గూ వేసింది, సంతోషమూ వేసింది. రెండువారాలు అలమరాలోంచి తీయలేదు.

ఇప్పుడు తీసింది. సొరుగులో ఉన్న కేబుళ్ళు రెండూ తగిలించి, డిస్కుని డబ్బాలోని ఖాళీ అరలోకి నెట్టి, నాలుగు మరలు బిగించి, స్విచ్చి వేసింది. ఫ్యాను బుస్సుమంది. మాస్టారి డిస్కు గుర్రుమని తిరగడం మొదలుపెట్టింది. మానిటరు మీద నల్లటి తెర వచ్చింది, దానిమీద తెల్లగా ఒక్క ముక్క. బూట్ డిస్కు దొరకలేదు, సరైనది పెట్టి ఏదైనా కీ నొక్కండి.

నొక్కింది. మళ్ళీ అదే ముక్క.

డబ్బాలోంచి చిన్న చప్పుడు వచ్చింది.

చ్‌చ్.

దారాలక్క చెయ్యి కీబోర్డు మీద ఆగిపోయింది. తర్వాత తనని తానే విసుక్కుంది. పాత డిస్కు, లోపల ముల్లు తట్టుకుంటోంది, అంతే. లేచి మెట్ల దగ్గరికెళ్ళి పైకి కేకేసింది.

పై వాటాలో ఉండేది తోడికోడలు. కంప్యూటర్ల సర్వీసు సెంటర్లో పని, వారానికి ఒక్కరోజు సెలవు. ఆ సెలవు ఇదే. ఒక చేతిలో టీ గ్లాసు, ఇంకో చేతిలో స్క్రూడ్రైవర్ల సంచీ పట్టుకుని ఆవులిస్తూ దిగింది.

"నువ్వు సూది పట్టుకో, నేను స్క్రూడ్రైవరు పట్టుకుంటానని ఎన్నిసార్లు చెప్పానక్కా?"

"నీ నిద్ర ఎందుకు పాడుచేయడమని..."

"ఇప్పుడు నిద్రా పాడైంది, కంప్యూటరూ పాడైంది. జరుగు."

చాపమీద బాసింపట్టు వేసుకుని కూర్చుంది. రెండు నిమిషాలు చూసి నవ్వేసింది.

"ఏం లేదక్కా. లేవగానే ఏ డిస్కు దగ్గరికి వెళ్ళాలో దీనికి ఒక వరస రాసి ఉంటుంది. కొత్తది పెట్టేసరికి నీ డిస్కుని వదిలేసి, తిన్నగా దీని దగ్గరికి పోతోంది. వరస మార్చేస్తే సరి."

స్విచ్చి వేస్తూనే డిలీట్ కీ టకటకా కొట్టింది. నీలం తెర వచ్చింది. పైన మాస్టారి డిస్కు, కింద దారాలక్క సొంతది. కిందదాన్ని పైకి జరిపి, సేవ్ చేసి, వదిలింది. అరనిమిషంలో దారాలక్కకి అలవాటైన తెర వచ్చేసింది. కూతురు బళ్ళో బహుమతి పట్టుకుని నుంచున్న ఫొటో, చుట్టూ డిజైన్ల బొమ్మలు.

"నీ చేతికి బంగారు తొడుగు చేయించాలే!"

"ముందు ఈ టీ వేడిచేసివ్వు, చాలు."

మాస్టారి డిస్కులో ఏముందో తర్వాత చూసుకోవచ్చులే అని, చోటుకోసం పనికిరాని ఫైళ్ళు కొన్ని దానిమీదకి జరిపి, దారాలక్క పనిలో పడింది. ముప్ఫై ఒకటో కోటు మూడు నిమిషాల్లో దిగింది. ముప్ఫై రెండోది బిగించింది. ఒక అరచెయ్యి పూర్తయి, ఆకు మొదలవుతుండగా, మెషీను టక్కున ఆగింది. కంప్యూటరు తనంతట తానే ఆరిపోయి మళ్ళీ వెలుగుతోంది.

ఈసారి వచ్చింది బూడిదరంగు తెర. ఫొటో లేదు, పేరు లేదు. నట్టనడుమ ఒకే ఒక్క ఫైలు, దానికీ పేరు లేదు. మూలన తేదీ చూస్తే ఎన్నో ఏళ్ళ కిందటిది.

"ఇదేంటి?" అంది తోడికోడలు.

"మాస్టారి కంప్యూటరు ఇలాగే ఉండేదేమో..." అంది దారాలక్క. నిజానికి ఇలా ఉండేదో లేదో ఆమెకి గుర్తులేదు.

చ్‌చ్.

మెషీను ఒక్కసారి ఒళ్ళు విరుచుకున్నట్టు కదిలింది. ఫ్రేము జరిగింది. సూది దిగింది, లేచింది, దిగింది. ఇద్దరూ ఉలిక్కిపడ్డారు.

"ఏం పంపావక్కా?"

"నేను మౌసు ముట్టుకుంటే ఒట్టు!"

సూదిలో దారం లేదు. ఎప్పుడు తెగిందో తెగింది. ఉత్త సూది గుడ్డని పొడుస్తోంది. దారాలక్క ఒక్క ఉదుటున వెళ్ళి ఎర్రమీట నొక్కింది. ఆగింది. వంగి చూసింది. అప్పటిదాకా కుట్టిన అరచెయ్యి మీద, కుట్టు కుట్టుకీ పక్కనే సూది కన్నం. ఆఖరి కుట్టు దగ్గర మొదలై వెనక్కి వస్తున్నాయి ఆ కన్నాలు. మనిషి చేత్తో విప్పేటప్పుడు ఎలా వెనక్కి వస్తాడో, సరిగ్గా అలాగే.

మెషీనుకి వెనక్కి కుట్టడం రాదు. పదేళ్ళుగా ఈ పనిలో ఉంది. ఆ సంగతి ఆమెకి తెలుసు.

తోడికోడలు మాత్రం ఇంకా జంకలేదు. "తేదీ చూశావా? లోపల బిళ్ల బ్యాటరీ చచ్చిపోయింది. అందుకే మనం మార్చిన వరస మర్చిపోయి, మళ్ళీ మొదటికొచ్చింది. మెషీనుకేమో సగంలో ఆగేసరికి మతిపోయింది." సంచీలోంచి కొత్త బ్యాటరీ తీసి వేసింది. తేదీ సరిచేసింది, వరస సరిచేసింది. స్విచ్చి వేసింది.

బూడిదరంగు తెర. ఆ ఏళ్ళనాటి తేదీ.

ఇంకోసారి మార్చింది. ఇంకోసారి అదే తెర. నాలుగోసారికి ఆమె మాటలు తగ్గిపోయాయి. గ్లాసులో టీ మీద మీగడ కట్టింది.

"సరే. నీకు మర్యాద తెలీదన్నమాట," అని డిస్కుని కసిరి, కేబులు పీకేసింది. "ఇప్పుడు చూస్తా, ఎలా లేస్తావో."

లేచింది. అదే తెర. నడుమ అదే ఫైలు.

తోడికోడలు కరెంటు కేబులు కూడా పీకింది. మరలు విప్పి, డిస్కుని బయటికి లాగి, బల్లమీద పెట్టింది. ఇక డబ్బాలో ఉన్నది దారాలక్క సొంత డిస్కు ఒక్కటే. టార్చి వేసి లోపల మూలమూలలా వెతికింది, ఇంకేదైనా ఉందేమోనని. లేదు.

స్విచ్చి వేసింది.

బూడిదరంగు వెలుతురు ఇద్దరి మొహాల మీదా పడింది.

"ఇలా జరగదక్కా," అంది మెల్లగా. "ఇలా... జరగడానికి వీల్లేదు. ఉండు, పైన రిపేరు పెన్‌డ్రైవు ఉంది. దానితో లేపి చూద్దాం. నువ్వు ముట్టుకోకు."

మెట్లమీద ఆమె అడుగుల చప్పుడు పైకి పోయింది. అప్పటికి మధ్యాహ్నం మూడవుతోంది. వాన ఉన్నట్టుండి జోరందుకుంది. కిటికీ నల్లబడింది. ఇద్దరికీ అన్నం తినాలన్న ధ్యాసే లేకపోయిందని దారాలక్కకి అప్పుడు గుర్తొచ్చింది. గదిలో ఒక చివర నుంచి ఇంకో చివరకి రెండుసార్లు నడిచింది. కండెలు సర్దింది. సర్దినవాటినే మళ్ళీ సర్దింది. కాళ్ళు నిలవడం లేదు.

కరెంటు పోయింది.

యూపీఎస్ కూత పెట్టింది. బీప్... బీప్... లైటు ఆరిపోయినా మానిటరు వెలుగుతూనే ఉంది. గదంతా ఆ బూడిద వెలుతురే.

చ్‌చ్.

చప్పుడు డబ్బాలోంచి కాదు. బల్లమీద నుంచి.

డిస్కుకి ఏ తీగా లేదు. వెనక రెండు మూతులూ ఖాళీగా ఉన్నాయి. దారాలక్క ఒక అడుగు వేసింది. ఇంకొకటి. చెయ్యి చాచి వేలితో తాకింది. వేడిగా ఉంది. సన్నగా వణుకుతోంది, చేత్తో పట్టుకున్న పావురం గుండెలా.

చెయ్యి వెనక్కి తీసుకుంది. అప్పుడే వాసన తగిలింది. ఏళ్ళ తరబడి పెట్టెలో మడిచిపెట్టిన గుడ్డ ఒక్కసారి విప్పితే వచ్చే ముక్కవాసన. అది ముందునుంచి రావడం లేదు. వీపు వెనకనుంచి వస్తోంది.

వెనక ఎవరో నుంచున్నారు.

అలా నుంచున్నప్పుడు మెడమీద ఎలా ఉంటుందో ఆమెకి ఆరేళ్ళ అలవాటు. తిరిగి చూడకూడదు. చూస్తే ఇంకో "చ్‌చ్" పడుతుంది. అప్పట్లోనూ చూసేది కాదు. ఇప్పుడూ చూడలేదు.

బీప్... బీప్...

మరో చప్పుడు. చాలా చిన్నది. గుడ్డలోంచి దారం లాగితే వచ్చే చప్పుడు. సర్... సర్... సర్...

కళ్ళు మాత్రం తిప్పింది. గోడవార కడ్డీకి తెల్లకోట్లు వేలాడుతున్నాయి. వాటి కింద నేలమీద నీలంగా ఏదో కుప్ప. ఉదయం లేదు అది. గోడ పట్టుకుని జరిగి, మొదటి కోటు ఎత్తి చూసింది. జేబు తెల్లగా ఉంది. అరచేతుల్లేవు. ఆకు లేదు. సూది కన్నాలు మాత్రం ఉన్నాయి.

రెండోది. లేదు.

మూడోది... నాలుగోది...

లెక్క తప్పింది. మళ్ళీ మొదటినుంచి లెక్కపెట్టింది. పద్దెనిమిది. పంతొమ్మిదో కోటు మీద ఒక అరచెయ్యి ఇంకా ఉంది. ఆమె చూస్తుండగానే దాని చిటికెన వేలు చివర ఒక కుట్టు పైకి లేచింది. వదులైంది. జారింది. తర్వాతిది లేచింది. ఎవరి చెయ్యీ లేదు. దారం మాత్రం నిదానంగా, ఓపిగ్గా, తప్పు చేయకుండా, బయటికి వస్తోంది.

సర్... సర్...

"మాస్టారూ..." వెనక్కి తిరగకుండానే అంది. "మాస్టారూ... ఆ తీగ నేనే తీసుకున్నాను."

చప్పుడు ఆగలేదు.

"మీరు అన్నానికి వెళ్ళినప్పుడు... తప్పు చేశాను. మీరు పోయినప్పుడు చూడ్డానికి కూడా రాలేదు... నాకు మొహం లేకపోయింది. తీసేస్తాను మాస్టారూ. ఇక ఆ డిజైను ఎవరికీ కుట్టను. వీటిని వదిలెయ్యండి... ఇవి నావి. ఇవి నా చేత్తో గీసుకున్నవి."

చప్పుడు ఆగింది.

మానిటరు నల్లబడింది. గది చీకటి. ఒకటి, రెండు, మూడు... తెర వెలిగింది. పిల్లది బహుమతి పట్టుకుని నవ్వుతోంది.

ఒక్క గెంతులో కుర్చీలో పడి, ఆకుల తీగ ఉన్న ఫోల్డరు వెతికి పట్టుకుంది. దుకాణాన్ని నిలబెట్టిన తీగ. తీసేసింది. చెత్తబుట్టలోంచి కూడా తీసేసింది. లైట్లు భగ్గున వెలిగాయి. తలుపు దబదబా మోగుతోంది.

"అక్కా! అక్కా, తలుపు తియ్యి!"

లోపలి గడియ పడి ఉంది. తను వెయ్యలేదు. తీసింది. ఎదురుగా తోడికోడలు, కళ్ళలో నీళ్ళు.

"అరగంటనుంచి కొడుతున్నా! పలకవేం? ఫోను కూడా ఎత్తవేం?"

"అరగంటా?" అంది దారాలక్క. నేలమీద కూలబడి, మొత్తం చెప్పేసింది. దొంగతనం సంగతి కూడా. తోడికోడలు నవ్వుతుందనుకుంది. ఆమె నవ్వలేదు. లేచివెళ్ళి, విప్పిన కోట్లు ఒక్కొక్కటీ ఎత్తి చూసింది. నీలం దారపు కుప్పని కాలితో కూడా తాకకుండా చీపురుతో ఎత్తి బయట వానలో పారేసి వచ్చింది.

"ఇప్పుడెన్ని కుట్టాలి?"

"నలభై ఎనిమిది."

"బిగించేది నేను, కుట్టేది నువ్వు. కూర్చో."

సాయంత్రమంతా ఇద్దరూ అలా కూర్చున్నారు. పిల్లలు బళ్ళోంచి వస్తే పైకి పంపేశారు. కంప్యూటరు ఇంకొక్కసారి కూడా మొరాయించలేదు. మెషీను వెన్నమీద నడిచినట్టు నడిచింది. విప్పిన కోట్లమీద సూది ఆ పాత కన్నాల్లోనే దిగింది, ఒక్కటి కూడా తప్పకుండా. కోటు తర్వాత కోటు కడ్డీకెక్కుతుంటే దారాలక్కకి ప్రాణం తేలికపడింది. ఏళ్ళనాటి ముల్లు ఒకటి కాల్లోంచి ఊడివచ్చినట్టు అనిపించింది. భయం ఇంకా ఉంది గానీ, దానికింద ఎక్కడో ఒక చిన్న సంతోషం కూడా ఉంది. ఆయన విన్నాడు. క్షమించాడు.

ఏడున్నరకి, ఇంకొక్క కోటు మిగిలి ఉండగా, ఆమె ఉండబట్టలేక మాస్టారి భార్యకి ఫోను చేసింది. డిస్కు తిరిగి తెచ్చిచ్చేస్తానని, తీగ సంగతి ఆవిడకి కూడా చెప్పేసి కాళ్ళమీద పడాలని. చెప్పింది.

"ఆయన ఎప్పుడో చెప్పారులేమ్మా ఆ సంగతి," అంది ఆవిడ. "'తీసుకుంటే తీసుకుంది, బాగా కుడుతోంది' అన్నారు. నిన్ను చూసి మొహం తిప్పుకునేది కోపంతో కాదు. నువ్వు సిగ్గుపడతావని."

దారాలక్కకి కళ్ళు నిండాయి. "మరి ఆ డిస్కు..."

"అది తేవద్దమ్మా. నీకు దణ్ణం పెడతాను, తేవద్దు."

"అందులో మాస్టారి డిజైన్లన్నీ..."

"అందులో ఆయనది ఒక్కటీ లేదు. ఆయనవన్నీ మా అమ్మాయి దాచుకుంది." ఆవిడ గొంతు తగ్గింది. పక్కన ఎవరన్నా వింటారేమో అన్నట్టు. "ఆయనా నీలాగే, చోటు చాలట్లేదని ఆ పాతదాన్ని ఎక్కడో కొనుక్కొచ్చుకున్నారు. ఎవరిదో ఏమో. దాన్ని పెట్టాకే... సగం రోజు కుట్టడం, మర్నాడు వెళ్ళి చూస్తే అన్నీ విప్పేసి ఉండటం. వెనకాల ఎవరో నుంచున్నారనేవారు. పెద్దాయన కదా, చాదస్తం అనుకున్నాను. నీకు అనవసరంగా ఇచ్చాను తల్లీ. పారేద్దామంటే భయమేసి నీకిచ్చాను. నన్ను తిట్టుకోకు."

ఫోను పెట్టేసింది.

దారాలక్క ఫోను చేత్తో పట్టుకుని అలాగే నుంచుంది. తను ఎవరికి చెప్పుకుంది? ఆ మధ్యాహ్నం వెనక నుంచుని విన్నది ఎవరు?

"అక్కా." తోడికోడలి గొంతు వింతగా ఉంది. ఆఖరి కోటు అయిపోయింది. ఆమె మెషీను పక్కన మోకాళ్ళమీద కూర్చుని ఉంది. "ఒక బాబిన్‌కి ఎన్ని కోట్లు వస్తాయి?"

"పన్నెండు." గుడ్డ అడుగునుంచి వచ్చే తెల్లదారపు చుట్ట అది. అయిపోగానే మార్చాలి.

"మధ్యాహ్నం నుంచి నువ్వు మార్చావా?"

"లేదు. నువ్వు?"

"నేనూ మార్చలేదు."

నలభై ఎనిమిది కోట్లు. దారాలక్క కడ్డీమీది కోటు ఒకటి తీసి జేబు లోపలివైపు తిప్పింది. తెల్లగా ఉండాల్సిన కుట్లు నల్లగా ఉన్నాయి. సన్నగా, నున్నగా, మెరుస్తూ. ఇంకోటి తిప్పింది. ఇంకోటి. అన్నీ అంతే.

తోడికోడలి పక్కన కూర్చుని, సూది కింద ఉన్న చిన్న మూత తెరిచింది. బాబిన్ నిండుగా ఉంది. పొద్దున వేసినప్పుడు ఎంత ఉందో అంత.

దానిమీద చుట్టి ఉన్నది దారం కాదు. వెంట్రుక.

కొస పట్టుకుని లాగింది. వచ్చింది. మూరెడు. రెండు మూరలు. ఒకటే వెంట్రుక, ఎక్కడా అతుకు లేదు. బాబిన్ మాత్రం తిరగడం లేదు. అది వస్తున్నది బాబిన్ నుంచి కాదు, దాని వెనకనుంచి, మెషీను లోపలి చీకట్లోంచి. ఇంకో మూర. ఇంకోటి. ఇద్దరి ఒడిలోనూ నల్లగా పడుతోంది.

ఎక్కడో బిగిసి, ఆగింది.

దారాలక్క ఊపిరి బిగబట్టి, ఇంకొంచెం, చాలా మెల్లగా లాగింది.

లోపలివైపు నుంచి, అంతే మెల్లగా, ఎవరో తిరిగి లాగారు.